కటుకరోహిణీ గుమ్మడికాయ పులుసూ

రాజాంలో మాకో చిన్న భోజనాల మెస్సు ఉంది. పొట్టకూటి కోసం పెట్టిన ఆ మెస్సు చివరికి నా పొట్టకే ఎసరు పెట్టింది. పొద్దున్నుంచీ ప్రతి గిన్నెలోంచీ చెంచాడు తీసి రుచి చూడటం నా ఉద్యోగం. ధాన్యం వ్యాపారులు, కాలేజీ పిల్లలు, సాలూరు లారీల వాళ్ళు తిని లేచాక, మిగిలింది పారేయడానికి మనసొప్పక, పొద్దు తిరిగాక కూర్చుని తినేవాణ్ణి. రుచి చూడటం తినడం కిందికి రాదని నేను గట్టిగా నమ్మాను. నా కడుపు నమ్మలేదు. తింటే బరువు, తినకపోతే త్రేనుపు. అరుగు మీద కూర్చోవడమే గానీ అరుగుదల లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, పెద్ద జబ్బేమీ లేదు, వేళకు తినండి చాలు అన్నాడు. మెస్సు నడిపేవాడికి అందరి వేళలూ తెలుసు, తన వేళ తప్ప.

ఒకరోజు ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి మా మేనత్త వచ్చింది. ఆమె కూతుర్నే చేసుకున్నాను కాబట్టి అత్తగారు కూడా. ఒక చేత్తో పొట్ట నిమురుకుంటూ రెండో చేత్తో వడ్డిస్తున్న నన్ను చూసి, తింటున్న వాళ్ళందరికీ వినపడేలా అడిగింది.

"ఎన్నో నెల్రా?"

కాలేజీ పిల్లలకు పొలమారింది. మా ఆవిడ వెంటనే తల్లి పక్షం చేరిపోయింది.

"ఏ నెలో గానీ అమ్మా, పురుడు మాత్రం వచ్చీలా లేదు."

ఆ సాయంత్రం అత్త సంచిలోంచి ఒక పొట్లం తీసింది. లోపల ఎండిన గొంగళిపురుగుల్లాంటి నల్లటి వేర్లు. కటుకరోహిణి అంది. రోహిణి అంటే నాకు మాడు పగిలే కార్తె ఒక్కటే తెలుసు. మా ఇళ్ళలో పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. పనసతొనల మీద పడి పొట్ట పాడుచేసుకున్న పెద్దవాళ్ళకు ఈ వేరు. దంచి, చిటికెడు శొంఠి కలిపి, నీళ్ళు సగమయ్యేదాకా మరిగించి, వడగట్టి పరగడుపున తాగాలి. అంతవరకూ తేలికే. అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది.

"బెల్లంముక్క ఎయ్యకు. నోరు పుక్కిలించకు. మజ్జానం బువ్వ దాకా నాలిక మీద ఏటీ పెట్టకు. నాలిక మీద సేదు నిలబడితేనే కడుపుకి కబురు ఎల్తాది."

"ఎన్నాళ్ళత్తా?"

"ఈ పున్నమి కాడ్నించి అమాస దాకా. నువ్వు సెయ్యలేవులే. నడుస్తానన్నావు, బూట్లు కొన్నావు. అవి యేసుకుని నీ కొడుకు కాలేజీకి ఎల్తన్నాడు. రేత్రి బువ్వ మానేసి రొట్టెలు తింటానన్నావు. రొట్టెలు తిని, ఆపైన బువ్వ తిన్నావు."

అందులో ఒక్క అబద్ధమున్నా వాదించేవాణ్ణి. అందుకే పట్టుపట్టాను. ఈసారి అమావాస్య చూడందే వదలకూడదు.

మొదటి గుక్కకే చేదు నాలుక దాటి చెవుల దాకా పాకింది. కాకరకాయను అన్నేళ్ళుగా అన్న మాటలకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పథ్యం చెప్పడం పద్యం చెప్పినంత సులువు, పాటించడమే కష్టం. మా వంటంతా పొద్దున్నే అయిపోవాలి. మెస్సుకు పేరు తెచ్చింది గుమ్మడికాయ బెల్లం పులుసు. రుచి చూడకుండా చేతి అలవాటుతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను.

తర్వాత కొత్త చింతపండు వచ్చింది. దాని పులుపు నా చేతికి తెలియదు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తే పథ్యం చెడదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చుక్క చేదుగా తగిలింది. బెల్లం వేశాను. మళ్ళీ చేదే. ఇంకా వేశాను. చేదు పులుసులో లేదు, నా నోట్లో ఉందన్న సంగతి వడ్డన మొదలయ్యాక గానీ తట్టలేదు.

"ఏటి మావా, సీరామనవమి ముందే వచ్చీసినాదేటి? పానకం పోసినావు!" అన్నాడు సాలూరు లారీ డ్రైవరు.

"వడపప్పు కూడా ఎట్టీ మరి!" అన్నారు ఎవరో.

అందరూ నవ్వారు. ధాన్యం వ్యాపారి ఒకాయన మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుంటూ, "రేపట్నించి మేం ఎదర హోటలుకి ఎల్తాం" అన్నాడు. ఆయన వెళ్తే ఆయన బల్ల మొత్తం వెళ్తుంది.

ఆ సాయంత్రం మా ఆవిడ నా పక్కన కూర్చుంది.

"మందు మానీ బావా. అమ్మకి నాను సెప్పుకుంటాను."

"మానను."

"మరి పులుసో?"

నేను ఖాళీ అయిన బెల్లం డబ్బా వైపు చూశాను.

"నాకూ నాలిక ఉన్నాది" అంది.

ఇన్నేళ్ళూ అది నన్ను తిట్టడానికే ఉందనుకున్నాను.

మర్నాడు గరిటె ఆమె చేతికిచ్చి, నేను గుమ్మడికాయ ముందు కూర్చున్నాను. ఆమె బెల్లం తగ్గించింది. దించే ముందు నువ్వులపొడి చల్లింది.

"మన పులుసులో నువ్వులు ఎయ్యం" అన్నాను.

"నీ పులుసులో ఎయ్యవు. రేపట్నించి ముక్కలు సిన్నవి కొయ్యి."

ఆ రోజు డ్రైవరు రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు, నోరెత్తలేదు. అతను మాట్లాడకపోవడం కన్నా పెద్ద సర్టిఫికెట్టు మాకెవరూ ఇవ్వలేదు. వారం తిరక్కుండానే ధాన్యం వ్యాపారి, ఎదర హోటల్లో ఫ్యాను తిరగట్లేదని వంక చెప్పి, తన బల్లకు తిరిగొచ్చాడు.

నేను తాగుతూనే ఉన్నాను. త్రేనుపులు తగ్గాయి. మధ్యాహ్నమయ్యేసరికి, నాకు బొత్తిగా పరిచయం లేని ఆకలి వచ్చి తలుపు తట్టేది. అది వేరు గొప్పతనమో, పొద్దుటి చెంచాలు మానిన గొప్పతనమో చెప్పలేను. అత్త దగ్గర మాత్రం వేరుకే ఓటు వేశాను.

అమావాస్య వెళ్ళింది. మర్నాడు మందు లేదు, నాలుక కడిగిన పళ్ళెంలా ఉంది. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి గరిటె అందుకున్నాను.

"ఏటి బావా?"

"ఒక్క చెంచా. రుచి సూద్దామని."

ఆమె పొయ్యి మీది గిన్నెలన్నిటి వైపూ ఒకసారి చూసింది. పులుసు తర్వాత పప్పు, పప్పు తర్వాత కూర, ఆ తర్వాత చారు వరసలో నిలబడి ఉన్నాయని నాకూ కనపడింది. గరిటె ఆమెకే ఇచ్చేసి, అరిటాకులు తుడవడానికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం మొదటి పంక్తిలోనే, వ్యాపారి బల్ల చివర కూర్చుని తిన్నాను. పులుసు నా పులుసు కన్నా బాగుంది. ఆ మాట పైకే అన్నాను.

"ఇంకో గరిటెడు ఎయ్యనా?" అంది.

"చాలు" అన్నాను. మెస్సు పెట్టాక నా నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు.