నైవేద్యానికి ముందు తీసిన పులిహోర

ఆ రోజుల్లో పరలోకం తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉందని నమ్మేవాణ్ని. తొంభైల్లో క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, తార్నాకలో ఒక డాబా మీది గదిలో అద్దెకుండేవాణ్ని. ఆదివారం సీతాఫల్‌మండిలోని చిన్న సంఘానికి వెళ్లేవాణ్ని. విగ్రహాలకు పెట్టింది తినకూడదని మా పాస్టరుగారు ఒక వంతు చెబితే, నేను మూడు వంతులు పట్టుకున్నాను. క్లాసులో ఎవరు లడ్డూ ఇచ్చినా "పూజకు ముందుదా, తర్వాతదా?" అని అడిగేవాణ్ని. (పుట్టినరోజు లడ్డూ ఇచ్చిన అమ్మాయి ఆపైన నాతో మాట్లాడలేదు. అదీ నా విశ్వాసానికి వచ్చిన శ్రమే అనుకున్నాను.)

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని. ఆమె ప్రతి శుక్రవారం అమ్మవారికి పులిహోర చేసేది. మొదటిసారి గిన్నెతో మెట్లెక్కి వస్తే, తలుపు సందులోంచే "మేము ప్రసాదం తినము పెద్దమ్మా" అన్నాను. "మీరంటే ఎంతమందిరా?" అని ఆమె గదిలోకి తొంగిచూసింది.

ఆ ఏడు దసరాకు నేను రోజూ తినే హాస్టల్ మెస్ మూసేశారు. పరీక్షలుండి నేను ఊరికి పోలేదు. హబ్సిగూడలో టిఫిన్ సెంటరు ఉంది కానీ, అక్కడ పొద్దున్నే మొదటి ఇడ్లీ దేవుడి పటం ముందు పెట్టడం కళ్లారా చూశాను కాబట్టి ఆ దారీ మూసుకుంది. బన్నులు, అరటిపళ్లతో కొన్నాళ్లు లాగాను. పండగ రోజు కింద నుంచి పోపు వాసన వస్తుంటే, శోధన తట్టుకోలేక మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాను. సగంలోనే నా కడుపు బిగ్గరగా ఆమేన్ అంది.

తలుపు తీస్తే పెద్దమ్మ, చేతిలో మూత పెట్టిన గిన్నె.

"తిను బిడ్డా. దేవుని ముంగట ఇంక పెట్టలే. నీకని ముందుగాల్నే తీసిన."

"నిజంగానా?"

"నీతోని అబద్ధమాడి నేనేడికి పోత? పొయ్యి మీదికెళ్లి సక్కగ నీకాడికే తెచ్చిన. మా అత్త బతికుంటే నా వీపు పలగ్గొడ్తుండె!"

నైవేద్యానికి వండినదాన్ని ఉప్పు చూడ్డానికైనా నోట్లో వేసుకోని మనిషి ఆమె. నా నియమం నిలబెట్టడానికి తన నియమాన్ని పక్కన పెట్టింది. అది నాకప్పుడు తట్టలేదు. పెరుగుందా అని మాత్రం అడిగాను.

క్రిస్మస్‌కు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పే వంతు నాకొచ్చింది. ఎలాగైనా పెద్దమ్మను రక్షణలోకి నడిపించాలని ఆమెనూ పిలిచాను. పట్టుచీర కట్టుకుని వచ్చి, ఆడవాళ్ల వైపు చాప మీద ముందు వరసలో కూర్చుంది. ఇక నేను మైకు పట్టుకుని, "విగ్రహాల మధ్య ఆకలితో ఉన్న నన్ను ప్రభువు అద్భుతంగా పోషించాడు!" అన్నాను. ఎవరి చేతులతో పోషించాడో చెప్పలేదు. చెబితే అద్భుతం కాస్త చిన్నదవుతుందని నా భయం. జనం హల్లెలూయ అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పెద్దమ్మే.

తర్వాత కేకు పంచారు. "మీ దేవునికి పెట్టిన్రా సారూ?" అని ఆమె పాస్టరుగారిని అడిగింది. ఆయన తడబడి, "ప్రార్థన చేశామమ్మా" అన్నారు. "అయితే ప్రసాదమే గదా!" అని కళ్లకద్దుకుని తిని, పెదనాన్నకని ఇంకో ముక్క కొంగున కట్టుకుంది.

ఇంటికి నడుస్తూ, "పెద్దమ్మా, నీ సంగతి చెప్పలేదు..." అని నసిగాను.

"ఉండనియ్ కొడుకా. మీ దేవుడు పెట్టిండంటివి. నాతోనే గదా పెట్టిచ్చింది? గంత పెద్దోడు మా పొయ్యి దాంక వచ్చిండంటే నాకు సంబురమే."

తిట్టినా బాగుండేది.

ఆ సాక్ష్యంలో విడిచిపెట్టిన మాట ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను: ఆ పండగపూట నాకు అన్నం పెట్టింది తార్నాక పెద్దమ్మ. పెట్టించింది ప్రభువేనని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆమె చేతిని దాచి ఆయన్ను పొగిడితే, ఆయన మాత్రం ఏం సంతోషించి ఉంటాడు?

ఇప్పుడు అన్నం ముందు కూర్చుంటే దేవునికి స్తోత్రం చెప్పి, "వండిన చేతులకు కూడా" అని కలుపుతాను. "నాకేనా?" అని మా ఆవిడ కళ్లు మూసుకునే అడుగుతుంది.

"నీకు కూడా" అంటాను.