సాయిలు పెట్టిన రేకు

పదేళ్లు దాటింది. ఒక మాట గొంతులో ఇరుక్కుపోయి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో చెప్పలేదు. తాగినప్పుడు కూడా నోరు జారలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

సాయిలు నాకు ద్రోహం చేశాడు. తర్వాత నేను సాయిలుకు ద్రోహం చేశాను. ఇన్నేళ్లూ ఈ రెండు మాటలనూ ఇదే వరసలో చెప్పుకుని నిద్రపోయాను. వరస మార్చాలంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2012లో కామారెడ్డిలో ఇద్దరం డిప్లొమా చదివేవాళ్లం. వాడిది ఎల్లారెడ్డి. వాళ్ల బాపు అక్కడ బోరు మోటార్ల వైండింగ్ దుకాణం నడిపేవాడు. కాలేజీల్లో రోబోల కొట్లాట పోటీలు పెడుతున్నారని విని మాకు పిచ్చి పట్టింది. మోటారు ఎంత వేగంగా తిరగాలో చెప్పే చిన్న బోర్డును స్పీడ్ కంట్రోలర్ అంటారు. రిమోట్ బొమ్మ కార్లకు వాడే చౌక రకం తెప్పించుకుని, దాన్ని కొట్లాటకు పనికొచ్చేలా మార్చేవాళ్లం. అది వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది. బొమ్మకైతే మంచిదే. కొట్లాట మధ్యలో ఆగిందంటే అవతలివాడు మనల్ని పచ్చడి చేస్తాడు.

దానికి మందు సాయిలే కనిపెట్టాడు. లో వోల్టేజీకి స్టార్టర్ మాటిమాటికీ ట్రిప్పయితే మా దగ్గర రైతులు మోటారును ఆపేసే రిలేను తప్పించి మోటారును డైరెక్ట్ చేసేస్తారు. కాలితే కాలింది, ముందు పొలం తడవాలి. మేమూ బోర్డును అలాగే డైరెక్ట్ చేశాం. వేడికి ఆపే భాగాన్ని తప్పించి, ఆ వేడిని లాగేయడానికి ట్రాన్సిస్టర్లన్నిటికీ కలిపి ఒక అల్యూమినియం పట్టీ బిగించాం. పట్టీకీ వాటికీ మధ్య కరెంటు దాటకుండా పల్చటి అభ్రకం రేకు పెట్టాలి. అది లేకపోతే లోహం లోహానికి తగిలి షార్టవుతుంది. ఆఖర్న వాడు దుకాణంలో మోటార్లకు పూసే వార్నిష్ బోర్డుకు పూసి, వైర్లను నూలు దారంతో జడలా అల్లేవాడు. ఆ అల్లిక వాడిది తప్ప మరొకరిది కాదు.

ఎప్పుడూ ఓడిపోయేవాళ్లం. ఓడినా నాకు సంతోషంగానే ఉండేది. వాడికి లేదని నాకు తెలియలేదు.

మరుసటి ఏడు కామారెడ్డిలోనే ఒక కాలేజీలో పోటీ పెట్టారు. దుకాణంలో పని ఉంది, రాలేనన్నాడు సాయిలు. నేనొక్కణ్ణే మా డొక్కు రోబోను మోసుకుని వెళ్లాను. నిజామాబాదు నుంచి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాళ్ల రోబో మూత తెరిచి ఉంది. లోపల మా పద్ధతిలో మార్చిన బోర్డు, నూలు దారం అల్లిక కనిపించాయి. కాసేపటికి వాళ్ల టీషర్టే వేసుకుని సాయిలు వచ్చాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. తర్వాత చెబుదామనుకున్నానన్నాడు. వాళ్ల దగ్గర మంచి రిమోట్ ఉందని, ఉక్కు బాడీ ఉందని, ఒక్కసారైనా గెలవాలని ఉందని నసిగాడు.

నాకు లేదా గెలవాలని? వాడి దృష్టిలో నేను అంత పనికిరానివాణ్ణా?

అయినా చూడండి, వాడు నన్నే పిలిచాడు. వాడు బిగించింది నేను, నేను బిగించింది వాడు సరిచూడటం మా అలవాటు. అవతలి జట్టులో చేరాక కూడా ఆ అలవాటు వదల్లేదు. పట్టీ మరలు ఒకసారి చూడమని స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి రిమోట్ పనిమీద వెళ్లాడు. నేను మరలు విప్పాను. రేకు లాగి జేబులో వేసుకున్నాను. మళ్లీ బిగించాను. వార్నిష్ పొర కాసేపు కాపాడుతుందని, దెబ్బలు పడ్డాక ఊడిపోతుందని నాకు తెలుసు. రోబో ఆగిపోతుంది, ఓడిపోతారు, అంతే అనుకున్నాను. అంతే అనుకున్నానా? వేడికి ఆపేదాన్ని మా చేతులతో మేమే తీసేశామన్న సంగతి ఆ నిమిషంలో నిజంగానే మరిచానా?

మొదటి గుద్దుకు ఏమీ కాలేదు. తర్వాత పొగ లేచింది. బ్యాటరీ ఉబ్బి అంటుకుంది. అందరూ వెనక్కి జరిగారు. సాయిలు మాత్రం కంచె దాటి బరిలోకి దూకి, ఉత్త చేత్తో బ్యాటరీ లాగేశాడు. కుడి అరచెయ్యి కాలిపోయింది.

ఆసుపత్రిలో వాడి పక్కన నేనే కూర్చున్నాను. వాడు పైకప్పు చూస్తూ అడిగాడు.

"నేను రేకు పెట్టినట్టే యాదికున్నదిరా. నువ్వు మరలు జూసినవ్ గదా. రేకు ఉండెనా?"

"లేకుండె."

"మరి నాకు చెప్పకపోతివి?"

"కావాలనే పెట్టలేదేమో అనుకున్న. నాకు చెప్పకుండ శాన చేసినవ్ గదా."

వాడు కళ్లు మూసుకున్నాడు. "అయితే నేనే మర్చిపోయిన," అన్నాడు.

చెయ్యి మానింది. మచ్చ ఉంది కానీ పని చేసుకుంటాడు. ఇప్పుడు బాపు దుకాణం వాడే చూసుకుంటున్నాడు. ఆమధ్య ఎల్లారెడ్డి వెళ్లి కలిశాను. బిగించిన మోటారునే మళ్లీ విప్పుతున్నాడు, లోపల తీగకూ ఇనుముకూ మధ్య ఉండాల్సిన కాగితం పెట్టాడో లేదోనని. పెట్టే ఉంది. బిగించాడు. కాసేపాగి మళ్లీ పానా అందుకున్నాడు. మోటారు కోసం వచ్చిన రైతు విసుక్కుంటే, తనకు మతిమరుపని, వెనకటికి ఒకసారి రేకు పెట్టడం మరిచి చెయ్యి కాల్చుకున్నానని నవ్వుతూ చెప్పాడు. కావాలంటే వీణ్ణి అడగమని నన్ను చూపించాడు.

నేను తలూపాను.

రేకు తీసిన రోజు కోపంలో ఉన్నానని చెప్పుకోగలను. ఈ తలూపుడికి ఏం చెప్పుకోను? వాడు నన్ను వదిలేసి పోయిన బాధ ఇంకా ఉంది, లేదని అబద్ధమాడను. కానీ వాడు తన జట్టు మార్చుకున్నాడు, నేను వాడి బుర్రనే వాడు నమ్మకుండా చేశాను. ఈ మాట వాడి ఎదుట అనే ధైర్యం ఇంకా రాలేదు. మీరు క్షమించాలని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఒక్కసారి ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాస్తే ఊపిరాడుతుందేమోనని రాస్తున్నాను.

సాయిలుకు మతిమరుపు లేదు. రేకు పెట్టాడు. నేను తీశాను.