హీటరు ఆపిన మూడు రోజులు

మా అమ్మాయి పెంచుకునే చుక్కల కొండచిలువ జూలైలో పెట్టె లోంచి బయటపడింది. కాన్‌బెర్రాలో జూలై అంటే కారు అద్దం మీద మంచు గీక్కుని ఆఫీసుకు పోయే నెల. ఆ సంగతి పాముకు ఎవరూ చెప్పినట్టు లేదు.

వేలంత లావు పిల్ల. రోజూ సాయంత్రం పెట్టెలో ఒకే మూలన ముక్కుతో నొక్కేది. పలకరిస్తోందనుకుని మేమూ చెయ్యి ఊపేవాళ్లం. గడియ వదులైందేమో చూసుకుంటోందని తరువాత తెలిసింది.

దాన్ని మాకు అమ్మినాయనకు ఫోన్ చేస్తే, గుమ్మాల్లో పిండి చల్లండి, జాడ తెలుస్తుంది అన్నాడు. మా ఆవిడ బియ్యప్పిండి డబ్బా తెచ్చింది. ఆమె చేతికి చల్లడం రాదు. నాలుగు గుమ్మాల్లోనూ చుక్కల ముగ్గులు పడ్డాయి. తెల్లారి చూస్తే హాలు గుమ్మంలో ముగ్గు చెరిపేస్తూ ఒక వంకర గీత. అది నేల మీద హీటరు గాలి వచ్చే జాలీ దాకా వెళ్లింది. తిరుగు జాడ లేదు.

హీటరు వేస్తే గొట్టంలో మాడిపోతుంది. వేయకపోతే చలికి బిగుసుకుపోతుంది. ఆయన్ని మళ్లీ అడిగాం. ఒంట్లో పనులన్నీ తగ్గించుకుని చుట్టుకుని పడుకుంటుంది, కొన్నాళ్లు ఆగగలదన్నాడు. ఎన్నాళ్లంటే, చెప్పలేనన్నాడు. జాలీ ముందు హీటింగ్ ప్యాడ్ పెట్టి, అది బయటికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండమన్నాడు.

"పది నిమిషాలు వేద్దామండీ, వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

"అమ్మా, నో! షీ విల్ కుక్!"

"మరి మేమో?"

"ఇంకో జాకెట్ వేసుకో."

ఇంట్లో ఓటు హక్కు లేనివాణ్ణి కాబట్టి నేను రెండో జత సాక్సులు వేసుకున్నాను.

మూడో రోజు సాయంత్రం జాలీ సందులోంచి తల వచ్చింది. నాలుక ఆడించి మా ముగ్గురినీ రుచి చూసింది. మా అమ్మాయి ఆత్రంగా చెయ్యి చాపింది. తల మాయం. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

చాలాసేపటికి మళ్లీ వచ్చింది. సగం ప్యాడ్ మీదికి పాకి ఆగింది. పట్టి లాగితే లోపల ఒళ్లు బిగించేస్తుంది, దెబ్బ తింటుందే గాని రాదని అమ్మినాయన ముందే చెప్పాడు. అందుకని ఊపిరి కూడా తగ్గించుకుని కూర్చున్నాం. మిగతా సగం రావడానికి గంట పట్టింది. నా ఎడమ కాలు తిమ్మిరెక్కి అరగంటైంది. ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.