ఎబినేజర్ అందంగా చేసిన పొట్టేలు

కొమరోలు బస్టాండు ఎదురుగా ఎరువుల దుకాణాన్ని ఆనుకొని ఒక ఇరుకు గది ఉంది. అందులో ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, ఎబినేజర్ పడతారు. ఎవరైనా లోపలికి రావాలంటే ముందు ఎబినేజర్ బయటికి రావాలి. పెళ్లి కార్డులు, సంతాపం ఫ్లెక్సీలు, చర్చి కూటాల కరపత్రాలు అన్నీ అక్కడే తయారవుతాయి. ప్రింటు మాత్రం గిద్దలూరులో. ఇక్కడ్నుంచి డిజైను పంపితే సాయంత్రం బస్సులో ఫ్లెక్సీ చుట్ట వచ్చేస్తుంది.

ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఐడియాల కోసం కనిపించినదల్లా ఫోటో తీస్తాడు. బిస్కెట్ పొట్లాలు, చీర అంచులు, లారీల వెనక రాతలు, మాత్రల అట్టలు, ఏదీ వదలడు. ఒకసారి పురుగుమందు సీసా మీది రంగులు తెగ నచ్చి ఒక పెళ్లి కార్డుకు వాడాడు. పెళ్లికొడుకు తండ్రి ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగనే ఉంది గానీ అబ్బయా, చూస్తాంటే కందికి మందు కొట్టాలనిపిస్తాండాది" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఎబినేజర్ పని బాగుంటుంది. వచ్చిన చిక్కల్లా ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే. దొర తప్పిపోయినప్పుడు అదే జరిగింది.

దొర అంటే నాగులు పొట్టేలు. పుట్టగానే తల్లి చనిపోతే నాగులు భార్య చెంచమ్మ సీసాతో పాలు పట్టి సాకింది. మంద మొత్తం దాని వెనకే నడిచేది. ఆ రోజు నాగులు దాన్ని పశువుల డాక్టరుకు చూపించి వస్తూ, బస్టాండు దగ్గరి టీ కొట్టులో టీ తాగుదామని కూర్చొని, తాడు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీకి కట్టాడు. బస్సు హారన్ కొట్టింది. పొట్టేలు కుర్చీతో సహా పరిగెత్తింది. కుర్చీ ఊరి బయట కాలువలో దొరికింది. పొట్టేలు దొరకలేదు.

"దొర లేకుండా ఇంటికి రావద్దు" అని చెంచమ్మ ఫోనులో చెప్పి పెట్టేసింది. ఆమె అన్నదంటే అన్నదే. నాగులు రెండు రాత్రులు అన్న ఇంట్లో పడుకొని, మూడో నాడు ఎబినేజర్ దగ్గరకు వచ్చాడు.

"అల్లుడూ, అందరికీ తెలిసేట్ల ఒక ఫ్లెక్సీ కొట్టియ్యి. దొర దొరకాల. లేకపోతే నాకు ఇల్లు లేదు."

"నాకొదిలెయ్ మామా. దీన్ని చూడకుండా ఎవరూ ముందుకు పోరు" అన్నాడు ఎబినేజర్.

నాగులు ఫోనులో దొర ఫోటో ఒకటే ఉంది. సగం విరిగిన ఎడమ కొమ్ము, చీలిన చెవి, కంటి చుట్టూ నల్ల మచ్చ. వెనక నీళ్ల బక్కెట్టు, మూలన నాగులు బొటనవేలు. ఎబినేజర్‌కు ఆ ఫోటో చూసి జాలేసింది. పని మొదలుపెట్టాడు.

ఒక యాప్‌తో వెనకున్న బక్కెట్టు తీసేశాడు. ఇంకో దానితో బొటనవేలు పోయింది. మొహం తేటగా చేసే యాప్‌లో వేస్తే మచ్చ పోయింది, బొచ్చు తళతళలాడింది, కనురెప్పలకు పొడవాటి వెంట్రుకలు కూడా వచ్చాయి. తాతల చిరిగిపోయిన ఫోటోలకు చెవులు మొలిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి అతని దగ్గర ఉంది. అది చెవి అతికించి, విరిగిన కొమ్మును మెలికలు తిప్పి పూర్తి చేసింది. డిజైనులో ఖాళీ జాగా ఉండాలని వీడియోలో చెప్పారు కాబట్టి 'కనబడుటలేదు' అన్న మాటను కింద మూలన సన్నగా పెట్టాడు. తన ఫోన్ నంబరు, దుకాణం పేరు మాత్రం పెద్దవి.

నాగులుకు చూపించకుండానే ప్రింటుకు పంపాడు. వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టాడు. ఫ్లెక్సీ రాగానే టీ కొట్టు రాటకూ కరెంటు స్తంభానికీ మధ్య, చూసేవాళ్ల కంటికి ఎదురుగా ఉండాలని కింది అంచు నేలకు జానెడు ఎత్తులో ఉండేట్టు కట్టాడు. నాగులు వచ్చి, దగ్గరకు వంగి చూశాడు.

"ఇది ఎవురి పొట్టేలురా?"

"మీదే మామా. మొహానికి కాస్త మెరుగు పెట్టినా, అంతే."

అప్పట్నుంచి ఫోన్లే ఫోన్లు. వెలిగండ్ల నుంచి ఒకాయన ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాడు. దర్శి నుంచి ఒకామె తన కూతురి ఫంక్షన్ ఫ్లెక్సీ కూడా ఇట్లనే మెరిసేట్టు చేస్తారా అని అడిగింది. ఎవరో పుట్టినరోజు అనుకొని శుభాకాంక్షలు చెప్పారు. పొట్టేలు కనపడిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరుసటి రోజు చెంచమ్మే ఆటో ఎక్కి వచ్చింది. ఫ్లెక్సీని కింది నుంచి పైదాకా చూసి ఎబినేజర్ దుకాణం గుమ్మంలో నిలబడింది.

"అబ్బయా, మా దొరకు ఆ కొమ్ము యాడిది? తప్పిపోయినంక మొలిసిందా?"

"సాఫ్ట్‌వేరు పెట్టిందత్తా."

"అయితే పొట్టేలు యాడుందో కూడా దాన్నే అడుగు."

ఎబినేజర్ తల గోక్కున్నాడు. "ఆ ఫోటో ఉన్నదున్నట్లు పెడితే జనం నవ్వుతారత్తా."

"నవ్వనీ. నవ్వాలన్నా చూడాల గదా."

ఇక తప్పలేదు. విరిగిన కొమ్ము, మచ్చ, బక్కెట్టు, బొటనవేలు, అన్నీ ఉన్నట్టే ఉంచి రెండో ఫ్లెక్సీ చేశాడు. 'కనబడుటలేదు' ఎర్రగా, మూరెడు అక్షరాలతో వచ్చింది. కింద తన దుకాణం పేరు వేసుకోవడానికి మాత్రం చేతులు రాలేదు.

సాయంత్రం బస్సుకు అది రాగానే మొదటిదాని పక్కనే కట్టారు. జనం గుమిగూడి రెండిటినీ పోల్చి చూస్తున్నారు. "ఇది పెళ్లిచూపుల ఫోటో, అది ఆధార్ కార్డు ఫోటో" అన్నాడు టీ కొట్టాయన. నాగులు మాత్రం నవ్వలేదు. భార్య పక్కన నిలబడాలో, రెండడుగులు దూరంగా నిలబడాలో తేల్చుకోలేక కదులుతున్నాడు.

అప్పుడే గిద్దలూరు రోడ్డు మీద యల్లయ్య మంద వచ్చింది. పక్క ఊరాయన, మేపు కోసం తిరుగుతుంటాడు. మంద టీ కొట్టు దాటుతుండగా అందులో ఒక పొట్టేలు ఆగింది. అందమైన ఫ్లెక్సీ వైపు చూసింది. నాలుగడుగులు వెనక్కి వేసింది. టీ కొట్టాయన గ్లాసులు పట్టుకొని పక్కకు తప్పుకున్నాడు. పొట్టేలు తల వంచి ఉరికింది. ఫ్లెక్సీ టప్పున చిరిగింది. తల అవతల, ఒళ్లు ఇవతల.

"దొరా" అంటూ నాగులు దాని మీద పడ్డాడు. చెంచమ్మ అవతలికి పోయి విరిగిన కొమ్ము పట్టుకుంది.

"ఇది మీదా?" అన్నాడు యల్లయ్య. "మా మందలో కలిసి నాలుగు దినాలైంది. వాట్సాప్‌లో బొమ్మ నేనూ చూసినా. అంత సొగసైన పొట్టేలు గదా, ఈ కొమ్మిరిగింది కాదులే అనుకున్నా."

అందరూ ఎబినేజర్ వైపు చూశారు. అతను మాత్రం రెండో ఫ్లెక్సీ వైపు చూస్తున్నాడు. దానికి గీత కూడా పడలేదు.

"దీని జోలికే పోలేదే" అన్నాడు.

"అది దాని మొహమని దానికేం తెలుసు?" అన్నాడు యల్లయ్య. "ఆ సొగసుగానిదే పరాయిది అనుకునింది."

ఎబినేజర్ మొహం విప్పారింది. "అంటే పొట్టేలు కూడా నమ్మేట్ల వచ్చింది గదత్తా డిజైను."

చెంచమ్మ అప్పటికే కింద కూర్చొని పొట్టేలు ముందు కాలు ఎత్తి చూస్తోంది.

"ఏవయ్యా, తల గట్టిగా పట్టుకో. ఇంటికి పోయేలోపల కుంటుద్ది" అంది నాగులుతో. నాలుగు రోజుల్లో అతనితో ఆమె ఎదురుగా మాట్లాడిన మొదటి మాట అది. నాగులు రెండు చేతులతో తలను వాటేసుకున్నాడు.

"నువ్వు రా అబ్బయా, ఈ కాలు పట్టు. ముల్లు దిగింది."

ఎబినేజర్ మోకాళ్ల మీద కూర్చొని కాలు పట్టుకున్నాడు.