కొత్తపట్నం చేరని టూరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను తాగుతానని నా భార్య సువర్ణకు తప్ప సంఘంలో ఎవరికీ తెలియని రోజుల సంగతి చెబుతున్నాను. ఆదివారం ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకునేవాణ్ణి, సోమవారం పొద్దున్నే గుంటూరు నుంచి బండి మీద బయలుదేరి నా పాపాన్ని సంచిలో పెట్టుకుని పోయేవాణ్ణి. ఇంట్లో తాగను కనుక నేను తాగుబోతును కానని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

అప్పట్లో, అంటే రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో, నాది మిరప విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం. రైతుల కల్లాలకు వెళ్లి మా విత్తనం ఎలా పండిందో చూసి రావాలి. ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అన్నది నా ఇష్టానికే వదిలేశారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పటం మంచం మీద పరుచుకుని, మొదటి సాయంత్రానికి దాచేపల్లి దాటి కృష్ణ ఒడ్డు, మర్నాడు వినుకొండ కొండ మీద గాలి, ఆ తర్వాత దర్శి, చివరికి కొత్తపట్నం సముద్రం అని గీతలు గీసుకునేవాణ్ణి. చూడటానికి అందమైన దారే. కానీ నేను వెతికింది పొద్దుగూకే వేళ ఒంటరిగా సీసా తీసుకుని కూర్చోవడానికి మంచి చోటు. రైతులను ఆ చోట్ల మధ్య ఇరికించేవాణ్ణి.

“రైతుల్ని చూడ్డానికా, పొద్దుగూకడం చూడ్డానికా మీరు వెళ్లేది?” అని సువర్ణ అడిగింది.

“రెండూ దారిలోనే కదే” అన్నాను. ఆమె ప్రార్థనకు మోకరించింది. ఆ ప్రార్థన నాకు విసుగనిపించింది, దేవుడు నన్ను క్షమించును గాక!

అలా బయలుదేరిన ఒక టూరులో దర్శి చేరాను. అక్కడ పురుగుమందుల కొట్టు నడిపే ఖాసిం నా చిన్ననాటి స్నేహితుడు. ఒంగోలులో పనుంది, నీ బండి వెనక కూర్చుని వస్తానన్నాడు. మధ్యాహ్నం అతని కొట్టు వెనక్కి వెళ్లి తాగాను. ఊరి చివర ఒక కల్లానికి ఒక్కణ్ణే వెళ్లి, ఎండబోసిన మిరపకాయలు విరిచి గింజ చూశాను, రంగు పోయిన తాలు కాయలు ఏరి చూశాను. అక్కడ కాయలు ఏరుతున్న పెద్దావిడ చిన్న గిన్నెలో నూనె తెచ్చింది.

“అయ్యా, ముందు చేతులకి కాస్త రాసుకోండి. పోయేటప్పుడు సబ్బుతో కడుక్కోండి. మంటకి ఆగలేరు.”

“మాకు అలవాటేలేమ్మా” అన్నాను. సముద్రం మీద వెలుగు పోతుందన్న తొందరలో చేతులు ప్యాంటుకు తుడుచుకుని బండి ఎక్కాను.

కొట్టు దగ్గరికి తిరిగొచ్చి ఆపితే ఖాసిం ఎక్కలేదు. “ఒరేయ్, ఏంట్రా ఆ వాసన? బండి ఇటివ్వు, నేను నడుపుతా.”

“నీ డొక్కు మోపెడ్‌లా తోల్తే కొత్తపట్నం చేరేసరికి చీకటి పడుద్ది. ఎక్కరా, భయస్తుడా!”

ఎక్కాడు, సహోదరులారా. ముగ్గురు పిల్లల తండ్రి, నన్ను నమ్మి ఎక్కాడు.

చీమకుర్తి దగ్గర పడుతుండగా నుదుటి చెమట కళ్లలోకి దిగింది. కళ్లద్దాలు తీసి, మిరపకాయలు విరిచిన ఆ చేత్తోనే రెండు కళ్లూ తుడుచుకున్నాను. నిప్పు పోసినట్టయింది! కళ్లు తెరవలేను, ఎదురుగా గ్రానైట్ బండ వేసుకున్న లారీ హారన్ దగ్గరవుతోంది, వెనక నుంచి ఖాసిం “ఎడమకి! ఎడమకి తిప్పరా!” అని అరుస్తున్నాడు. “ప్రభువా, వీణ్ణి కాపాడు” అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత నా నోట మరొకరి కోసం వచ్చిన ప్రార్థన అదే. బండి రోడ్డు దిగి పత్తి చేలో పడింది, నల్లమట్టిలో చక్రం కూరుకుని ఆగింది. లారీ వెళ్లిపోయింది. ఇద్దరం బతికి ఉన్నాం.

పత్తి తీస్తున్న ఒక సహోదరి తన అన్నం క్యారియర్‌లోని మజ్జిగ నా కళ్ల మీద పోసి, తల మీద చెయ్యి పెట్టింది. “ప్రభువా, ఈ అన్నకి చూపు ఇయ్యి. తాగి ఉన్నాడు, అది కూడా చూస్తున్నావు. ఈయన కోసం ఇంటికాడ ఎవరు చూస్తున్నారో వాళ్ల కన్నీళ్లు తుడువు.” నా రహస్యాన్ని ఒక కొత్త మనిషి దేవునికి గట్టిగా చెబుతుంటే నేను కళ్లు మూసుకుని విన్నాను.

చూపు తేటపడేసరికి ఖాసిం రోడ్డు మీద బస్సుకు చెయ్యెత్తుతున్నాడు. “నా పిల్లల మీద ఒట్టురా, నీ బండి ఇంక ఎక్కను” అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

కొత్తపట్నం వెళ్లలేదు. సీసా అక్కడే పారబోసి, మత్తు దిగేదాకా ఆ చేను గట్టున కూర్చుని ఇంటికి తిరిగొచ్చి సువర్ణ ముందు, తర్వాత సంఘం ముందు ఒప్పుకున్నాను. ఒక్క రాత్రిలో విడుదల వచ్చిందని అబద్ధం చెప్పను. ఒకసారి మళ్లీ తాగుడులో పడ్డాను, సంఘ పెద్దలు మళ్లీ లేపారు. ఇప్పుడు ఆ దాహం లేదు, దేవునికే మహిమ!

ఖాసిం నన్ను క్షమించాడు. అయినా ఈ రోజుకీ ఇద్దరం ఎక్కడికైనా వెళ్తే బండి అతనే నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను. అలా కూర్చోవడం నాకు న్యాయంగానే ఉంది.

ప్రియులారా, మీ వెనక నమ్మి కూర్చున్నవాళ్లు ఎవరో మీకు తెలుసు. లారీ ఎదురయ్యేదాకా ఆగకండి, ఈ రోజే ప్రభువును పిలవండి, పిలిచినవాణ్ణి ఆయన తోసెయ్యడు. ఆరాధన అయ్యాక నేను తలుపు దగ్గరే ఉంటాను. రండి, కలిసి మోకరిద్దాం. ఆమేన్.