మూగ గోలీ

నేను మూగవాణ్ణని మా కెప్టెన్ మైదానమంతా చెప్పాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

అది 1969. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో నెలల తరబడి మూతపడ్డ కాలేజీలు అప్పుడే మళ్లీ తెరిచారు. నారాయణగూడలోని మా కాలేజీ ఆ ఏడే మొదటిసారి ఫుట్‌బాల్ జట్టు కట్టింది. పొడుగ్గా ఉన్నానని నన్ను గోలీగా గోల్ దగ్గర నిలబెట్టారు. మాది గోదావరి వైపు. నాన్న ఉద్యోగం కోసం వచ్చి అశోక్‌నగర్‌లో అద్దెకున్నాం. మా వీధిలో మా వైపు వాళ్ల ఇంటి మీద రాళ్లు పడ్డాక, బయట నోరు విప్పవద్దని నాన్న చెప్పారు. చిక్కడపల్లి కొట్లో పంచదార కావాలన్నా వేలితో చూపించేవాణ్ణి. ఇక్కడ దాన్ని చక్కెర అంటారు; పంచదార అంటే చాలు, మేమెక్కడివాళ్లమో తెలిసిపోతుంది.

మొదటి ఆటకు ముందే అవతలి జట్టువాడొకడు అడిగాడు.

"మీ గోలీ ఏ ఊరోడే?"

"ఊరేంది అన్న, ఆడు మూగోడు" అన్నాడు మా కెప్టెన్. ముషీరాబాద్ కుర్రాడు, అబద్ధం అలవోకగా చెప్పాడు.

ఆ ఆట ఎలాగో గెలిచాం. రెండో ఆటలో బంతి ఎత్తుగా వచ్చింది. బంతి తనదనుకుంటే గోలీ అరిచి చెప్పాలి. లేకపోతే ముందు కాపు కాసే బ్యాక్ కూడా దానికోసమే ఎగురుతాడు. నోరు తెరిచాను, మూసుకున్నాను. ఇద్దరం గుద్దుకున్నాం, బంతి గోల్లోకి దొర్లింది. ఓడిపోయాం.

"నోరేమైందిరా నీకు? ఇడ్సిపెట్టు అననీకి రాదా?" అని కెప్టెన్ జట్టందరి ముందూ నన్ను తిట్టాడు.

"మూగవాణ్ణన్నది నువ్వే కదా!"

"బయటోళ్లకు మూగోడివి. మాకు గాదు."

మా పదిమందికే వినపడేలా ఎలా అరవాలో ఆ మహానుభావుడు చెప్పలేదు.

రెండు వారాలు ఇంట్లో అద్దం ముందు 'ఇడ్సిపెట్టు' అంటూ సాధన చేశాను. అమ్మ తలుపు వేసేసింది. "మెల్లగా అనరా. వెక్కిరిస్తున్నామనుకుంటారు పక్కవాళ్లు."

మూడో ఆట మా మైదానంలోనే. గోల్‌కు వల లేదు. అవతలి జట్టు తరఫున వచ్చిన జనం సరిగ్గా నా వీపు వెనకే నిలబడ్డారు. పల్లీలు నములుతున్న చప్పుడు కూడా నాకు వినపడుతోంది. ఆట అయ్యేదాకా మెడ తిప్పలేదు. ఒక గోల్ మాదే ఎక్కువ. ఆఖరి నిమిషాల్లో బంతి మళ్లీ అలాగే ఎత్తుగా వచ్చింది. బ్యాక్ నాకంటే రెండేళ్లు పెద్ద. అతను ఎగరబోతున్నాడు.

"వదిలెయ్యండి!"

ఆ అరుపు నాదే. అద్దం ముందు అన్నన్నిసార్లు నేర్చుకున్న మాట ఒక్కటీ రాలేదు. పైగా 'అండి' కూడా. బ్యాక్ బిత్తరపోయి ఆగిపోయాడు. బంతి నా చేతుల్లో పడింది.

వెనక నమలడం ఆగిపోయింది.

"ఓర్నీ, మూగోడు మాట్లాడిండురో!"

"అండీ అంట! బాల్‌ను గూడ గారూ అంటడేమో!"

నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఏమొస్తుందో తెలియదు. ఈల మోగేదాకా ప్రతి క్షణం వీపు మీద రాయి పడుతుందనే అనుకున్నాను. గెలిచాం. కెప్టెన్ వచ్చి నా పక్కన నిలబడతాడనుకున్నాను. అతను నేరుగా వాళ్ల దగ్గరికి పోయాడు.

"మాకు గూడ ఇప్పుడే ఎరుకైంది అన్న, మూగోడు గాదని" అన్నాడు. వాళ్లతో నవ్వుకుంటూ చాయ్‌కి వెళ్లిపోయాడు.

ఒక్కణ్ణే ఇంటిదారి పట్టాను. చిక్కడపల్లి మలుపు దగ్గర వెనక సైకిల్ గంట వినిపించింది. నడక పెంచాను. సైకిలూ వేగం పెంచింది.

"ఓ అండీగారూ, జర ఆగుండ్రి!"

ఆగిపోయాను. మైదానంలో నా వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు. చేయి ముందుకు చాపాడు. చేతిలో, గోల్ పక్కన వదిలేసిన నా టోపీ.

"మర్శిపోయొస్తివి. మంచిగ పట్టినవ్ అన్న, బాల్."

థాంక్స్ అంటే సరిపోయేది. ఆ మాటకు ఊరూ లేదు, యాసా లేదు. కానీ టోపీ తీసుకుని తల ఊపాను, మూగవాడిలాగే.

"మల్ల నోరు పాయెనా ఏంది?" అని నవ్వి, సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది మొత్తంలో నేను మాట్లాడవలసిన మనిషి అతనొక్కడే. మాట్లాడలేదు. అందుకు కూడా కెప్టెనే కారణమంటాను. కాదంటే ఎవరితోనైనా ఇప్పటికీ పోట్లాడతాను.