మండపానికి పోయిన పసుపు కార్డులు

పోయిన మాసి నెల, అంటే ఫిబ్రవరి చివర, రెండో ఆదివారం, పొద్దున ఐదున్నరకు, మా ఇంటామె తిమ్మక్క నా కార్డులకు పసుపు పెట్టింది. ఆ సమయానికి నేను పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. సంగతి నాకు తెలిసేసరికి బస్సు కడత్తూరు దాటి చాలా దూరం పోయింది.

ఆ రోజు తమిళనాడు ధర్మపురిలో తపాలా కాగితాలు సేకరించేవాళ్ల ప్రదర్శన. మా పల్లె కడత్తూరుకు మూడు మైళ్లు. ముందు ముందు ఎవరైనా ఇలాంటిదానికి పోవాలనుకుంటే ఎలా పోవాలో, ఏం తినాలో, ఏం చేయకూడదో తెలుస్తుందని రాస్తున్నాను. చేయకూడనిదేమిటో నాకు బాగానే తెలిసివచ్చింది.

ముందు నా కార్డుల సంగతి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. అంతవరకు గొర్రెల వెనక తిరిగాను. మా పక్కింట్లో అద్దెకున్న కుప్పం టీచరమ్మ నాకు పలక బదులు పోస్టు కార్డు ఇచ్చేది. చోటు తక్కువ కాబట్టి అక్షరం చిన్నగా, తిన్నగా వస్తుందని ఆమె లెక్క. రాసిన కార్డును ఆమెకే పోస్టు చేయాలి. పక్కింటికి పోవలసిన కార్డు ఊళ్లన్నీ తిరిగి రెండు మూడు రోజులకు వచ్చేది. అలా కార్డును అటూ ఇటూ తిప్పి చూడటం అలవాటైంది. టీచరమ్మ తమ్ముడు ఓడలో వంటవాడు. ఏ రేవులో దిగినా అక్కడి పోస్టాఫీసులో ఒక కార్డో కవరో కొని, ఏమీ రాయకుండా ఖాళీగా తెచ్చి ఇచ్చేవాడు. తర్వాత మార్పిడి మీద ఇంకొన్ని వచ్చాయి. స్విట్జర్లాండుకు రేవు లేదు కదా, అక్కడి కార్డు అలా వచ్చిందే.

స్టాంపులు దాచేవాళ్లు వేరు, మేము వేరు. తపాలావాళ్లు కాగితం మీదనే స్టాంపు అచ్చువేసి అమ్ముతారే, ఆ కార్డులు, కవర్లు, ఇన్‌లాండ్ లెటర్లు, వాటినే మేము చూస్తాం. కాగితమంతా ఉండాలి. అచ్చువేసిన స్టాంపును కత్తిరించి పుస్తకంలో అంటించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జపాను కొత్త సంవత్సరం కార్డుకు అడుగున లాటరీ నంబరు ఉంటుంది. రష్యా కవరులో ఎడమ సగమంతా బొమ్మే. మన కార్డులో అడ్రసుకు గీతలు గీసి, పిన్ కోడుకు గళ్లు కూడా గీసి ఇస్తారు. రాసేవాడు తిన్నగా రాస్తాడని ఏ దేశం ఎంత నమ్ముతుందో ఆ గీతలు చూస్తే తెలుస్తుందని నా అభిప్రాయం.

ఈ ప్రదర్శనలో ఒక్కొక్కరికి ఒక చట్రం. చట్రంలో పదహారు షీట్లు పడతాయి. షీటు మీద కార్డు పెట్టి, దాని కింద అది ఎక్కడిది, ఎలా అచ్చయింది అని రాయాలి. సేలం నుంచి జడ్జి వచ్చి మార్కులు వేస్తాడు. నాకు పతకం మీద ఆశ లేదు. మార్కు మీద ఉంది. బడికి పోనివాణ్ణి, నా రాతకు ఎవరూ ఎప్పుడూ మార్కు వేయలేదు. ఒక్కసారి వేయించుకోవాలని పన్నెండేళ్లుగా కూర్చుకున్నవాటిలో మంచివి ఏరి, తెలుగులో ఒక వరస, దాని కింద అరవంలో ఒక వరస రాసి పెట్టుకున్నాను. నేను పేరిచ్చింది 'వాడనివి' అనే విభాగంలో. అంటే కార్డు అమ్మినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి.

ప్రదర్శన చూసుకునే సెల్వి అనే ఆవిడ ముందురోజు ఫోను చేసి, ప్లాస్టిక్ కవర్లు తీసేసి తెమ్మంది. వాళ్ల చట్రాలకు అద్దం ఉందట. అన్నీ తీసి, రేకు పెట్టెలో పేర్చి, దేవుడి పటాల ముందు పెట్టి పడుకున్నాను. పెట్టవలసింది మంచం కింద.

ఆరూ నలభైకి టౌన్ బస్సు. నాతో మా బావమరిది కిష్ణప్ప వచ్చాడు. తాపీ పని చేస్తాడు, ఆదివారం పని లేదు. కడత్తూరులో దిగి ధర్మపురి బస్సు పట్టాలి. అది చింతపండు కోతల కాలం. బస్సులో మనుషులకంటే గంపలు ఎక్కువ. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు చిల్లర లేకుంటే గొణుగుతాడు, దగ్గర పెట్టుకోండి. పక్క సీటులో గంప ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దామె కొంతసేపు మా మాటలు విని, తెలుగులోనే పలకరించింది.

"ఏమన్నా, పెండ్లి ఎవురింట్లో?"

"పెండ్లి లేదమ్మా. పెట్టెలో ఉండేది కార్డులు."

"అదే చెప్పేది. పెండ్లి కార్డులే గదా? పసుపు వాసన వస్తా ఉంది."

పెట్టె తెరిచాను. పైనే జపాను కార్డు. నాలుగు మూలలా నాలుగు పసుపు బొట్లు, ఇంకా తడి ఆరలేదు. దాని కింద రష్యా కవరు, దానికీ నాలుగు. ఆ కింద స్విట్జర్లాండు, జర్మనీ. మొదటి ఎనిమిది షీట్లలో ఒక్క కార్డూ మిగలలేదు. తర్వాతి ఎనిమిది మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

కిష్ణప్ప వంగి చూశాడు. "మా అక్క జపానుకు గూడా పసుపు పెట్టేసింది బావా. ఇంక వాళ్లు మనకు సంబంధీకులే."

"నోరు మూసుకోరా."

బస్సులోనుంచే ఇంటికి ఫోను చేశాను. తిమ్మక్క తాపీగా ఎత్తింది.

"పెట్టెలో పసుపు పెట్టినావా?"

"పెట్టినాను. మండపానికి పోయే కాయితం పసుపు లేకుండా పోతుందా? సగం పెట్టేలోపల ఆవు అరిచింది, పాలు పిండను పోయినా. మిగిలిన సగం నువ్వు పెట్టుకో. నేను, రాణి పది గంటల బస్సుకు వస్తా ఉండాము."

రాణి మా కోడలు. తిమ్మక్క నా కార్డులను చూడటానికి ఊరు దాటి రావడం ఇదే మొదలు. ఫోను పెట్టేశాను. తప్పు ఆమెది అనడానికీ లేదు. మా ఇళ్లలో శుభానికి పోయే కాగితం మూలలకు పసుపు పెట్టి పంపడం మామూలే. ప్రదర్శన జరిగేది కల్యాణ మండపంలో. పెట్టె ఉండేది దేవుడి ముందర. ఆమె జాగాలో ఎవరున్నా అదే చేసేవాళ్లు.

ఎనిమిదింపావుకు ధర్మపురి బస్టాండు. బయట కుడిపక్క చిన్న హోటల్లో పొంగలు, వడ తిన్నాం. అంత బాధలో కూడా పొంగలు బాగుంది. మిరియాలు ఎక్కువ వేస్తారు, కాఫీ మాత్రం వద్దు. అక్కడినుంచి మండపానికి షేర్ ఆటోలో పది నిమిషాలు.

తొమ్మిదికి మండపంలో సెల్వి ముందు పెట్టె తెరిచాను. ఆవిడ బడిలో టీచరు, నెమ్మదైన మనిషి. మాటలన్నీ అరవంలో జరిగాయి, నేను తెలుగులో పెడుతున్నాను. పైనున్న కార్డులు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. తర్వాత సేలం జడ్జిని పిలిచింది. బక్కపలుచని మనిషి, మెడలో భూతద్దం వేలాడుతోంది. అద్దం పెట్టి చూశాడు, తర్వాత వాసన చూశాడు.

"పసుపే" అన్నాడు.

"అది నాకు తెలుసయ్యా. ఏం చేయాలో చెప్పండి."

"వాడనివాటి విభాగంలో వేలి మరక ఉన్నా మార్కు పోతుంది. ఇక్కడ వేలే ఉంది."

వాళ్లు మాట్లాడుకుంటుండగా కిష్ణప్ప కనిపించలేదు. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఉన్నాడు. జర్మనీ కార్డును మాకు చెప్పకుండా తీసుకుపోయి, మూలకు సబ్బు రాసి బొటనవేలితో రుద్దుతున్నాడు. గోడకు అంటిన మరక పోగొట్టినట్టే ఇదీ పోతుందనుకున్నాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మా ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. బట్టలు ఎన్నడూ ఉతకని కిష్ణప్పకు తెలియదు. మూల ఎర్రగా తిరిగింది.

"బావా, కుంకుమ గూడా పడిపాయె. ఇంక తాళి ఒకటే తక్కువ."

నాకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. సెల్వి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జడ్జి మాత్రం నవ్వలేదు. ఆ కార్డు చేతిలోకి తీసుకుని, "దయచేసి ఇక ఎవరూ ఏమీ కడగకండి" అన్నాడు.

తర్వాత సెల్వి రెండు దారులు చెప్పింది. శుభ్రంగా ఉన్న ఎనిమిది షీట్లను పోటీలో పెట్టవచ్చు, చట్రం సగం ఖాళీగా ఉన్నా మార్కు వస్తుంది. పసుపువి పెట్టెలోనే ఉంచుకోవాలి. లేదంటే పదహారూ పెట్టుకోవచ్చు, అప్పుడు పోటీలో ఉండదు, జడ్జి చూడడు, చట్రానికి నా పేరు చీటీ కూడా ఉండదు. గోడ కూడా కుళాయిల పక్కది.

"ఎనిమిదీ పెట్టు బావా" అన్నాడు కిష్ణప్ప, ఈసారి నవ్వకుండా. "నీకు మార్కు కావల్ల గదా. అక్కకు నేను చెప్తాను, చోటు చాలలేదని."

ఎనిమిది షీట్లు వేరుచేసి బల్ల మీద పెట్టుకున్నాను కూడా. నా రాత బాగుందనే అనిపించింది. ఒక్కొక్క షీటు కింద, కార్డు మీద ఏ ముద్ర ఉంది, ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని రాసుకున్నాను. మా సేకరణలో చదువంటే అదే. కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాలి. పసుపువాటిని పెట్టెలో మూసిపెట్టి, ఈ చట్రం నాది అని నిలబడితే అది సగం అబద్ధం. పైగా తిమ్మక్క వచ్చి తను పెట్టినవి ఎక్కడని వెతుకుతుంది. చోటు చాలలేదంటే సగం ఖాళీ చట్రం ఆమె కళ్ల ముందే ఉంటుంది. ఆమెకు చదువు రాదు గానీ కళ్లున్నాయి.

"పదహారూ పెట్టండమ్మా" అన్నాను సెల్వితో.

"మార్కు ఉండదు."

"విన్నాను."

పెట్టేముందు పెన్ను అడిగి తీసుకుని, మొదటి షీటులో జపాను కార్డు కింద తెలుగులో ఒక వరస చేర్చాను: 'నాలుగు మూలల పసుపు, మండపానికి పోతున్నందుకు మా ఇంటామె తిమ్మక్క చేత్తో పెట్టినది.' కింద అరవంలో కూడా రాశాను. జర్మనీ కార్డు కింద, 'ఎరుపు, బావమరిది సబ్బు వల్ల.'

పదకొండున్నరకు తిమ్మక్క, రాణి వచ్చారు. తిమ్మక్క మండపమంతా చూసి నేరుగా కుళాయిల దగ్గరికి వచ్చింది.

"ఈ మూలకెందుకు పెట్టినారు?"

"పోటీలో లేదు. మార్కు లేదు."

"నేను పసుపు పెట్టినందుకా?"

"అవును" అన్నాను. దాపరికం నాకు చేతకాదు. "అవి రాయని కార్డులు. మరక పడకూడదు."

ఆమె అద్దంలోకి వంగి చూసింది. "నాకు చెప్పిండొచ్చు గదా. ఖాళీ కాయితాలను మండపానికి ఎవురన్నా మోసుకొస్తారా? రాసింది ఉంటాదనుకున్నా."

రాణి అరవం వరస చదివి, "అత్తా, నీ పేరు రాసినారు మామ" అంది. తిమ్మక్క ఎక్కడో చూపించమంది. రాణి అద్దం మీద వేలు పెట్టి చూపించింది. తిమ్మక్క చూసింది. కొంగుముడి విప్పింది. అందులో పసుపు పొట్లం.

"మిగిలినవాటికీ పెట్టేస్తా. సగానికి పెట్టి సగం వదిలేస్తే మంచిది గాదు."

సెల్వి అటు చివరనుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. అద్దం బిగించేశామని, ఇక తెరవకూడదని బతిమాలింది. తిమ్మక్క అద్దానికే నాలుగు మూలలా పెట్టి ఊరుకుంది.

మధ్యాహ్నం టమాటా అన్నం పొట్లాలు, పెరుగన్నం. తిన్నవాళ్లందరూ చేతులు కడుక్కోవడానికి మా గోడ దగ్గరికే రావాలి. బంగారు పతకం వచ్చిన చట్రం ముందు నలుగురుంటే మా ముందు వరస కట్టారు. తిమ్మక్క కదలకుండా నిలబడి అందరికీ చెప్పింది. "ఇది జపాను. ఇది మంచు దేశం. పసుపు నాది, ఎరుపు మా తమ్ముడిది." నేను పన్నెండేళ్లుగా చెబుతుంటే ఆమె ఒకసారి కూడా విన్నట్టు కనిపించలేదు. అన్నీ తెలుసు ఆమెకు. జడ్జి కూడా వచ్చాడు, కడుక్కున్న చేతులు తుడుచుకుంటూ మొదటి షీటు రెండుసార్లు చదివాడు. మార్కు వేయలేదు. నేను అడగలేదు.

నాలుగూ పదికి కడత్తూరు బస్సు ఎక్కాం. ఎండ తగ్గాక గాలి బాగుంది, సీట్లు దొరికాయి. తిమ్మక్క పెట్టెను తనే ఒళ్లో పెట్టుకుంది. మార్కు రాలేదని నాకు బాధ ఉంది, లేదని రాస్తే తప్పు. అయినా అంత దూరం పోయి అంత నవ్వుకున్న రోజు ఈ మధ్య మరొకటి లేదు. మీరు పోతే పెట్టె మంచం కింద పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, అది ఇంకా ముఖ్యం.

ఆ రోజు మా చట్రం దగ్గర ఉన్నవాళ్లు: రేకు పెట్టె మోసిన గోవిందప్ప, అంటే నేను. సబ్బు రాసిన కిష్ణప్ప. వేలు పెట్టి చూపించిన కోడలు రాణి. చెయ్యి పట్టుకున్న సెల్వి. సేలం జడ్జి, ఆయన పేరు అడగడం మరిచాను. మా ఇంటామె తిమ్మక్క. వీళ్లందరిలో చట్రం లోపల పేరు పడింది ఆమె ఒక్కతిదే.